వచ్చే మలుపు మనది

కుట్టుగది నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

అక్క ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. కర్టెన్ల పని చేతినిండా ఉంది, మీ బావ ఇంట్లో పేపరు ముందేసుకుని కూర్చున్నారు, నేనిక్కడ కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నాకు కారులోకి ఒక జీపీఎస్ కావాలి. అదే, శాటిలైట్‌తో దారి చూపించే డబ్బా. కార్లకి సామాను బిగించే తమ్ముడు ఉండగా ఇంకొకళ్ళని అడగడమెందుకని నిన్నే అడుగుతున్నాను. ఎలాంటిది కావాలో శ్రద్ధగా విను. అది మాట్లాడకూడదు. గొంతు ఉంటే నొక్కెయ్యి. చిన్నదై ఉండాలి, నా తలుపు వైపు, స్టీరింగు చాటున ఇమిడిపోవాలి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి కనపడకూడదు. పక్క సీట్లో కూర్చునేది ఎవరో నీకు తెలుసు.

ఫోనులోనే వస్తుంది కదక్కా అంటావు. నా ఫోను నా చేతిలో ఎప్పుడుంది? నేను బండి నడుపుతుంటే కర్టెన్ల పార్టీల ఫోన్లు ఎత్తేది ఆయనే. ఇంట్లోనూ అది ఆయన జేబులోనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి, ఇంటికి కాదు, కుట్టుగది అడ్రసుకి. ఎందుకు ఏమిటి అని ఆరాలు తియ్యకుండా మంచిదొకటి ఎంచి పంపించు.

మీ అక్క

*

షాపు నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. నా దగ్గరికి జీపీఎస్ కోసం వచ్చేవాళ్ళందరూ మొదట అడిగేది గొంతు గురించే. ఒకాయన ఆడగొంతు కావాలంటాడు. వాళ్ళావిడ ఇంట్లో ఒకత్తిని ఉన్నాను చాలదా, మగగొంతు పెట్టించండి అంటుంది. గొంతే వద్దన్న మొదటి గిరాకీవి నువ్వే.

నా మాట విని పెద్దది తీసుకో. అరచేయంత స్క్రీను, అద్దానికి అంటుకుంటుంది, రోడ్డు మీద ఎక్కడ బళ్ళు ఆగిపోయాయో కూడా చూపిస్తుంది. వెనక చూసే అద్దంలోనే దారి కనపడే రకం ఇంకొకటుంది, చూడ్డానికి సొగసేగానీ నీ పాత కారుకి నప్పదు. నువ్వు చెప్పిన కొలతకి సరిపోయేది నా అలమరలో ఒకే ఒకటి ఉంది. అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది. ఒక బాణం, కింద ఇన్ని మీటర్లు అని ఒక అంకె, అంతే. దాన్ని ఎవరూ అడగరు.

అది సరే. ముప్పై ఏళ్ళు దూరపు ఊళ్ళ బస్సు నడిపిన మనిషి పక్క సీట్లో ఉండగా నీకు జీపీఎస్ ఎందుకక్కా? మోకాలు మొరాయించి క్లచ్ తొక్కలేక స్టీరింగు నీకిచ్చారుగానీ, దారి ఎప్పుడూ బావదే కదా. బావ కన్ను గద్దకన్ను, బావ నోరు మైకు.

ఇంకో సంగతి. నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. మీ కారు ఎక్కడుందో ఎప్పటికప్పుడు తన ఫోనులో కనపడే యంత్రం కావాలట, అమ్మకి చెప్పొద్దు మావయ్యా అంది. ఒకే కారుకి తల్లి ఒకటి, కూతురు ఒకటి, ఇద్దరూ గుట్టుగానే అడుగుతున్నారు. మీ ఇంట్లో ఏం జరుగుతోంది?

నీ తమ్ముడు

*

కుట్టుగది నుంచి

తమ్ముడూ,

అయితే అమ్మాయి నీదాకా వచ్చిందన్నమాట. కారెక్కడుందో తనకి కనపడాలా? మేమేమన్నా మంద తప్పిన మేకలమా? మెళ్ళో గంట కట్టమను, సరిపోతుంది.

దాచి లాభం లేదు, విను. ఎండలు తగ్గిన కొత్తలో కళ్ళాస్పత్రికి కర్టెన్లు కట్టడానికి బయల్దేరాం. రాడ్లు కారు మీద, గుడ్డలు వెనక సీట్లో. ఆయన ఎప్పటిలాగే "వచ్చే మలుపు మనది" అని చెప్తున్నారు, నేను తిప్పుతున్నాను. ఆ మాట బస్సు రోజుల నుంచీ ఆయన నోట్లో ఉన్నదే. పెట్రోలు బంకు దాటాక మనది, పచ్చ గేటు పక్కన మనది, ఇలా చెప్తారు. ఆ "మనది" వినపడిందంటే నా చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ఎటు పోతున్నామని చూసే అలవాటు నాకు మొదట్నుంచీ లేదు. నడపడం నాది, దారి ఆయనది.

ఆ రోజు తిప్పి తిప్పి ఒక పెద్ద గేటు ముందు ఆపించారు. పాత బస్ డిపో. అది ఎప్పుడో ఎత్తేశారు. గేటుకి తాళం, లోపల మోకాళ్ళెత్తు గడ్డి. ఆయన దిగి వెళ్ళి ఆ తాళం పట్టుకు ఊపి, వాచ్‌మన్ ఎక్కడ చచ్చాడు, డ్యూటీకి ఆలస్యమైపోతోంది అన్నారు. నన్ను చూసే అన్నారురా.

ఏం చెయ్యను? ఇవాళ డిపోకి సెలవండీ అన్నాను. సరేనని వచ్చి కూర్చున్నారు. కాస్త దూరం పోయాక ఉలిక్కిపడి, ఇటెందుకొచ్చావు, కళ్ళాస్పత్రి అటు కదా అని నన్నే కసిరారు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేశాను.

మేం ఎంతకీ రాక, ఆయన జేబులో ఫోను ఎత్తకపోయేసరికి ఆస్పత్రివాళ్ళు మా బోర్డు మీద ఉన్న రెండో నంబరుకి చేశారు. అది అమ్మాయిది. అది బళ్ళో పిల్లలకి చెప్తున్న పాఠం సగంలో ఆపి వచ్చేసింది. ఇక అప్పట్నుంచీ ఒకటే గొడవ. పెద్దవాళ్ళని పగలంతా ఉంచుకునే చోటు ఒకటుందట, ఆయన్ని రోజూ అక్కడ దింపి నేనొక డ్రైవర్ని పెట్టుకోవాలట. దాని భయం దానిది, కాదనను. కానీ ఒకటి చెప్పు. ఆయనకి ఉద్యోగం అయిపోయింది, మోకాలు పోయింది. మిగిలింది ఈ దారి చెప్పే పని ఒక్కటే. అదీ లాక్కుని ఒక గదిలో కూర్చోబెడితే ఆయన చేసేదేముంది? నేను లాక్కోను. ఎవర్నీ లాక్కోనివ్వను. ఆ సీటు ఆయనదే.

అందుకే గొంతు వద్దన్నాను. దారి ఆయనే చెప్తారు. తప్పు చెప్పినప్పుడు నేను సర్దుకుంటాను. అగ్గిపెట్టె అన్నని పంపించు.

అక్క

*

షాపు నుంచి

అక్కా,

ఈసారి మా ఆవిడకి చదివి వినిపించలేదు. ఒక్కణ్ణే చదువుకున్నాను. నాకు కారు తోలడం నేర్పింది బావ. గేరు మార్చినప్పుడు బండి ఒక్క కుదుపు కుదిపితే నెత్తిమీద మొట్టేవారు. ఆ మనిషి తాళం పట్టుకు ఊపుతున్నట్టు ఊహించుకోలేకపోతున్నాను.

నువ్వు తిట్టినా సరే, మేనకోడలు చెప్పినదాంట్లో తప్పు లేదు. నువ్వు బావ మాటకి అలవాటు పడ్డ మనిషివి. మనది అని ఆయన అనగానే చెయ్యి తిరిగిపోతుందని నువ్వే రాశావు. ఆయన ఎడమంటే, నా డబ్బాలో బాణం కుడంటే, నీ చెయ్యి ఎటు తిరుగుతుంది? నెత్తిన రాడ్లు పెట్టుకుని నడిరోడ్డు మీద ఆలోచిస్తూ నిలబడతావా? వెనక లారీవాడు ఆలోచించుకోనిస్తాడా?

ముందు డాక్టరుకి చూపించు. ఆ తర్వాత కారు మాట. అప్పటిదాకా నేను ఏ యంత్రమూ బిగించను, నీదీ కాదు, దానిదీ కాదు. మేనకోడలికీ ఇదే చెప్పాను.

తమ్ముడు

*

కుట్టుగది నుంచి

తమ్ముడూ,

బిగించకపోతే మానెయ్యి. మా వీధి చివర ఇలాంటివి అమ్మే కొట్టుంది. వాడు ఎందుకమ్మా అని అడగడు, నా మీద జాలీ పడడు.

ఎడమంటే కుడంటే అని రాశావే, దానికి జవాబు నా దగ్గరుంది. "అటు రోడ్డు తవ్వారండీ" అంటాను. మన రోడ్లు తవ్వని రోజెప్పుడు? మొన్న నేనొక్కదాన్నే ఖాళీ బండి తీసుకుని, దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ తిరిగొచ్చాను. వచ్చాను కదా? నా చెయ్యి నా మాట కూడా వింటుంది. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, అంతే.

డాక్టరుకి చూపిస్తాను. పెద్దాస్పత్రిలో రోజు కూడా అడిగి ఉంచాను, రెండు నెలల తర్వాతకి ఇచ్చారు. అక్కడికి మాత్రం ఆయన వెనక సీట్లో ఒదిగి కూర్చుని రారు. ముందు సీట్లో కూర్చుని, దారి చెప్పి, నన్ను తీసుకెళ్తారు. ఈ కారు నడిపేది నేను. ఇందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మీ మేనమామా మేనకోడళ్ళు తీర్మానం చెయ్యనక్కర్లేదు.

అక్క

*

షాపు నుంచి

అక్కా,

వీధి చివర కొట్టువాడు నీ డాష్‌బోర్డుకి నాలుగు కన్నాలు పెట్టి పోతాడు. వాడి చేతిలో పెట్టకు.

ఆదివారం వస్తున్నాను. కారులో రేడియో గరగరలాడుతోంది, తమ్ముడొచ్చి బాగు చేస్తాడు అని బావకి చెప్పు. నేను పని చేస్తున్నంతసేపూ ఆయన్ని కదిలించకుండా ఇంట్లో కూర్చోబెట్టు. అగ్గిపెట్టె అన్నని తెస్తున్నాను. వాడి మొహం నీ తలుపు వైపుకి తిప్పి బిగిస్తాను, పక్క సీట్లోంచి ఎవరికీ కనపడదు. కొత్తలో చూడ్డానికి నీకే కాస్త మెడ తిప్పాల్సి వస్తుంది.

నాకిది ఇష్టం లేదని మాత్రం గుర్తుంచుకో.

తమ్ముడు

*

కుట్టుగది నుంచి

నా బంగారు తమ్ముడికి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోపం తెచ్చుకోకు. రాయడానికి మంచి కబురు పోగవ్వాలని ఆగాను.

నువ్వు బిగించి వెళ్ళిన కొత్తలో నా తిప్పలు చెప్పుకుంటే నవ్వుతావు. ఆయన ఒకటంటారు, బాణం ఒకటంటుంది. నేను "అటు తవ్వారండీ" అంటాను. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. ఒకసారి నోరు జారి పైవంతెన కూడా తవ్వేశాను. ఆయన నావైపు అదోలా చూశారు.

ఆ తర్వాత, ఒరేయ్, ఆయన మాట కుదురుకుంది. నమ్ముతావా? మొదట ఒకటీ అరా. ఇప్పుడు రోజంతా తిరిగినా ఒక్క తప్పు లేదు. బాణం ఎటంటే ఆయనా అటే. కొత్త కాలనీల్లో, ఆయన బస్సు ఎన్నడూ తిరగని సందుల్లో కూడా చెప్పేస్తున్నారు. "రెండు వందల మీటర్లలో ఎడమ, వెంటనే కుడి" అంటారు, లెక్క గీసినట్టు వస్తుంది. నేను బాణం వైపు చూడ్డమే మానేశాను. నా చెయ్యి మళ్ళీ ఆయన మాటకే తిరుగుతోంది. మొన్న హోటలువాళ్ళ కర్టెన్లు కట్టి వస్తూ ఇద్దరం పాత పాటలు పాడుకున్నాం. నువ్వొచ్చి వెళ్ళాక రేడియో పూర్తిగా మూగబోయింది మరి. ఏం బాగు చేశావో ఏమో.

మనిషికి పని ఉంటే తల దానంతటదే దారిలో పడుతుందని నేను ముందే అన్నాను. అమ్మాయికి ఫోన్ చేసి, మీ నాన్నకి మతిమరుపు కాదు, నీకే తొందరెక్కువ అని చెప్పాను. పెద్దాస్పత్రిలో మా రోజు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నాను. బాగున్న మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టి, ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల అని అడిగించి అవమానించడం నా వల్ల కాదు.

ఇప్పుడు చెప్పు, ఎవరు గెలిచారు?

మీ అక్క

*

షాపు నుంచి

అక్కా,

రెండు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పాటలు పాడుకున్నాం అన్న చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. అక్కడితో వదిలేద్దామనిపించింది. డాక్టరు రోజు వదులుకున్నావు కనక వదిలెయ్యలేకపోతున్నాను.

బావ ఎప్పుడన్నా మీటర్లలో మాట్లాడారా? బంకు దాటాక మనది, పచ్చ గేటు పక్కన మనది. అదీ బావ భాష. రెండు వందల మీటర్లలో ఎడమ, వెంటనే కుడి అనేది నేను అమ్మే డబ్బాల భాష. ఆ చిన్న స్క్రీను మీద బాణమూ అంకే చూపించేది సరిగ్గా అదే.

నేనే బిగించాను కాబట్టి తప్పెక్కడుందో ఆలోచించాను. దాని మొహం నీ తలుపు వైపు తిప్పాను. నీ తలుపు అద్దానికి ఎండ పడకుండా నల్ల ఫిలిం అంటించి ఉంది. వెనక నలుపు ఉంటే అద్దంలో వెలుగు బొమ్మలా పడుతుంది. పక్క సీట్లోంచి నీ అద్దంలోకి చూస్తే బాణం కనపడుతుందక్కా. తిరగబడి కనపడుతుంది, కుడి ఎడమగా, ఎడమ కుడిగా. నీకూ నాకూ అయితే తికమకే. బావ ముప్పై ఏళ్ళు అద్దాల్లో చూసి బస్సు నడిపిన మనిషి. అద్దంలో ఏది కుడో ఏది ఎడమో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా అనుమానం తప్పయితే నాకంటే సంతోషించేవాడు లేడు. ఒకరోజు ఆ స్క్రీను మీద చిన్న గుడ్డముక్క కప్పి చూడు.

తమ్ముడు

*

కుట్టుగది నుంచి

ఆయన బాగుపడితే నువ్వెందుకురా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావు? మొట్టిన మొట్టికాయలకి ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నావా? దొంగచూపులు చూసి అప్పజెప్పే మనిషా మీ బావ? గుడ్డ కప్పను. ఆయనకి నేను పరీక్షలు పెట్టను.

ఇక రాయకు.

*

కారులో నుంచి, ఒక స్కూలు గేటు బయట

తమ్ముడూ,

రాయకు అని నేనన్నాను కాబట్టి నేనే రాస్తున్నాను. ఈ స్కూల్లో నాటకాలాడే హాలుకి కర్టెన్ల కొలతలు తీసుకున్నాం. ఆయన లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు, నేను స్టీరింగు మీద కాగితం ఆన్చి రాస్తున్నాను. వంకర గీతలు చూసి కంగారు పడకు.

గుడ్డ కప్పాను. వారం రోజులు కప్పకుండా నీమీద పళ్ళు నూరుకున్నాను. ఇవాళ పొద్దున ఏమనిపించిందో, కర్టెను అంచు కత్తిరించిన ముక్క ఒకటి తీసి దానిమీద వేసి బయల్దేరాను. మొదటి కూడలి వచ్చింది. ఆయన మాట్లాడలేదు. రెండోది వచ్చింది. మాట్లాడలేదు. బోర్డులు చూసుకుంటూ నేనే తిప్పాను. నాలుగు రోడ్ల దగ్గర ఎర్రదీపం పడింది, ఆగాను. ఆయన ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ, మామూలుగా, భోజనాల దగ్గర ఉప్పు గిన్నె ఇలా ఇవ్వమన్నట్టు అన్నారు.

"ఆ గుడ్డ తియ్యి. నాకు కనపడట్లేదు."

పచ్చదీపం పడింది. వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నారు. కొట్టుకోనీ అనుకున్నాను. చివరికి బండి పక్కకి తీసి ఆపాను. ఎప్పట్నుంచండీ అన్నాను. మీ తమ్ముడు రేడియో బాగు చేసిన మూడో రోజు నుంచి అన్నారు. బాగు చేసిన రేడియో పలక్కపోతే అనుమానం రాదా అన్నారు. నువ్వు ఊరంతా తవ్వించేస్తుంటే, వంతెన కూడా వదలకపోతే, ఇదేదో నా మీద జరుగుతోందని అర్థమైంది, అద్దంలో వెతికితే దొరికింది అన్నారు.

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. దానికి ఆయన చెప్పిన మాట నీకు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తాను.

"నా తలలో రోడ్లు చెరిగిపోతున్నాయని నాకు తెలుసు. డిపో దగ్గర నువ్వు సెలవన్నప్పుడే తెలుసు. నేను తప్పు చెప్పిన ప్రతిసారీ నీ మొహం చూడలేకపోయాను. అందుకని చూసి చెప్పాను."

ఒరేయ్, నేను ఆయన కోసం దాచాననుకున్నాను. ఆయన నాకోసం దాస్తున్నారు. ఒక కారులో, పక్కపక్కన కూర్చుని, ఇద్దరం ఒకే డబ్బాని ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం చూసుకున్నాం. నాకు ఏడుపాగలేదు. ఆయన జేబురుమాలు ఇచ్చి, పార్టీకి ఆలస్యమవుతోంది, ముక్కు తుడుచుకుని బండి తియ్యి అన్నారు.

ఇప్పుడు నా తీర్మానం విను. నువ్వన్నది నిజమైంది, ఒప్పుకుంటున్నాను. ఆయనకి బాగవలేదు. ఇక్కణ్ణుంచి నేరుగా పెద్దాస్పత్రికి వెళ్ళి మళ్ళీ రోజు అడుగుతాను. అందులో మొండికెయ్యను. కానీ నువ్వూ అమ్మాయీ అన్న రెండో ముక్క ఒప్పుకోను. ఇప్పుడు ఇంకా ఒప్పుకోను. చెరిగిపోతున్న తలతో, అద్దంలో తిరగబడ్డ బాణాన్ని తిప్పి చదివి, ఒక్క తప్పు లేకుండా నాకు దారి చెప్పిన మనిషిని తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టమంటారా? ఆయన ఆ సీట్లోంచి కదలరు. కదపాలనుకునేవాళ్ళు ముందు నాతో మాట్లాడాలి.

అగ్గిపెట్టె అన్నని పీకెయ్యి. నువ్వు మొదట చెప్పావే, అరచేయంత స్క్రీను, ఆ పెద్దది తీసుకురా. డాష్‌బోర్డు మీద ఆయన సీటుకి ఎదురుగా, మొహం ఆయన వైపే తిప్పి గట్టిగా బిగించు. నాకు కనపడనక్కర్లేదు. గొంతు మాత్రం అప్పుడు చెప్పినట్టే నొక్కెయ్యి. ఈ కారులో గొంతుంది.

ఆయన ఆ బాణం కూడా చదవలేని రోజు వస్తుందని డాక్టరు చెప్తాడు. రానీ. నేను బోర్డులు చదవడం నేర్చుకుంటున్నాను. ఆ రోజు నేను చదివి దారి ఆయనకి చెప్తాను, ఆయన అదే నాకు చెప్తారు, నేను తిప్పుతాను. సీటు మాత్రం ఆయనదే.

కారెక్కడుందో తెలియాలని అమ్మాయి ఇంకా అడుగుతోంది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదని చెప్పు. నా ఫోను వాళ్ళ నాన్న జేబులో ఉంటుంది. ఫోన్ చేసి, నాన్నా ఎక్కడున్నారు అని అడగమను. ఆయన స్క్రీను చూసి చెప్తారు.

వస్తున్నారు. ఈ కాగితం దాచబోయి మానేశాను. ఇస్తే చదువుకున్నారు. చివర ఆయన కూడా ఒక ముక్క రాస్తారట, పెన్ను అడుగుతున్నారు.

మీ అక్క

ఒరేయ్ బావమరిదీ, ఆదివారం రా. మా వీధిలోకి తిరిగేటప్పుడు బంకు దాటాక వచ్చే మలుపు మనది. ఈసారి నిజంగా రేడియో కూడా బాగు చెయ్యి. మీ అక్క పాటలు వినలేకపోతున్నాను.